రాజా దీన్‌దయాళ్ – ఛాయాచిత్రకళకు వెలుగు

ప్రకృతి క్షణక్షణమూ మారిపోతుంది. ఉదయపు మంచుతెర గాని, అస్తమయ వేళ కొండపై నిలిచే కాంతి గాని మరల అదే రూపంలో కనిపించవు. ఆ క్షణికమైన వెలుగును పట్టి భావితరాలకు అందించే కళ ఛాయాచిత్రణం. మన దేశంలో ఈ కళకు గౌరవం సంపాదించిన వారిలో అగ్రగణ్యులు రాజా దీన్‌దయాళ్. ఆయన జీవితంలోని ఉత్తమదశ హైదరాబాదు రాజ్యంలో గడవడం మనకు గర్వకారణం.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య ముగించి, 1866లో ఇండోర్ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం స్వీకరించారు. కట్టడాల నక్షాలు గీయడం, ఖర్చుల అంచనా వేయడం ఆయన పని. 1874 ప్రాంతంలో కెమెరా చేపట్టారు. ఇండోర్ పాలకుడు తుకోజీరావు హోల్కర్, ఆంగ్లేయ అధికారి హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1882లో లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించి, తీసిన చిత్రాలు 1886లో మధ్యభారత కట్టడాలను గూర్చిన గ్రంథంగా వెలువడ్డాయి.

ఆ కాలంలో ఆరుబయట చిత్రం తీయడం ఒక తపస్సు వంటిది. కొలోడియన్ అనే ద్రవాన్ని గాజుపలకకు పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీయాలి. వెనువెంటనే చీకటి గుడారంలో పలకను కడగాలి. వేసవి ఎండకు ద్రవం త్వరగా ఆరిపోయేది. గాలికి లేచిన ధూళి పలకకు అంటుకుంటే శ్రమంతా వృథా. ఆకు కదిలినా చిత్రం చెదిరేది. పలక ఎంత పెద్దదో చిత్రమూ అంతే గనుక పెద్ద పలకలనే వాడవలసి వచ్చేది. గాజుపలకలు, రసాయనాలు, గుడారం – ఇవన్నీ గతుకుల బాటలో పగలకుండా చేరాలి. 1880 ప్రాంతంలో పొడి పలకలు ప్రచారంలోకి వచ్చిన పిదపనే ఈ కష్టం కొంత తగ్గింది.

స్థిరమైన సర్కారు కొలువును వదలి దీన్‌దయాళ్ ఈ కళనే జీవనాధారం చేసుకున్నారు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులయ్యారు. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో తెరచి, దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ప్రసాదించారు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు, రూపమిచ్చువాడు. ముస్లిం ప్రభువు జైన కళాకారునికి చేసిన ఈ సత్కారం దక్కను సంస్కృతికి తార్కాణం.

వరంగల్ ప్రాంతపు నెక్కొండ అడవులలో ప్రభువుల వేట శిబిరాలనూ ఆయన చిత్రించారు. అహింసను పరమధర్మంగా ఎంచే మతంలో పుట్టిన వ్యక్తి, నేలకూలిన పులి ప్రక్కన నిలిచిన వేటగాళ్లను చిత్రించవలసి వచ్చింది. కొలువు ధర్మం అటువంటిది. ఆ చిత్రాలలో ప్రభువుల వైభవమే గాక, మనం పోగొట్టుకొన్న వన్యసంపద కూడా కనిపిస్తుంది. 2012లో మన ఆదిలాబాదు ప్రాంతపు కవ్వాల్ అడవి పులుల సంరక్షణ కేంద్రమైంది. నేడు చెట్లకు అమర్చిన కెమెరాలు సజీవమైన పులి జాడను వెదకుతున్నాయి. నాడు వేటకు సాక్షిగా నిలిచిన కెమెరా నేడు రక్షణకు సాధనమైంది.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణం ఆయనను కుంగదీసింది. మరుసటి ఏడు, 1905 జూలైలో, దీన్‌దయాళ్ కన్నుమూశారు. మిగిలిన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ల వెలువరించింది.

కుంతాల జలపాతమూ, ప్రాణహిత తీరమూ, ఎలగందుల కోటా మనకు దూరం కావు. నేడు కెమెరా అందరి చేతిలోనూ ఉంది. వేచి ఉండే ఓర్పు, చూచే చూపు మాత్రం ఎవరికి వారే సాధించుకోవాలి. విద్యార్థులకు దీన్‌దయాళ్ జీవితం నేర్పే పాఠమిదే.