డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

నెల్లూరు సముద్రతీరపు పల్లెలకు బోదకాలు క్రొత్తది కాదు. ఏనుగుపాదమువలె ఉబ్బిన కాలితో వలలాగినవారిని, మడిలో దిగి నాట్లు వేసినవారిని చూచుచునే మన పెద్దలు పెరిగిరి. ఇది కర్మఫలమని కొందరు, ఊరి నీటి దోషమని కొందరు తలచుచుండిరి. నిజమునకిది మురుగునీట పుట్టు దోమ ఒకరినుండి మరియొకరికి చేర్చు సన్నని పురుగుల పని. ఆ పురుగులను చంపు మందును కనుగొన్న పరిశోధకులకు నాయకుడు మన తెలుగువాడు. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. పరీక్ష తప్పి ముఖము చాటువేయు తమ్ములు ఈ సంగతిని మనసునందుంచుకొందురుగాక. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియగుటచే, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.యస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను.

ఆయన జీవితమును మలుపుత్రిప్పినది ఇంటిలోని దుఃఖము. ఇరువురు సోదరులు స్ప్రూ అను వ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక, విరేచనములతో రక్తము క్షీణించి మనిషి శుష్కించుట దీని లక్షణము. వైద్యము చదివినవాడై యుండియు వారిని కాపాడలేకపోయెను. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, మామగారును కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును చేసిన సాయముతో 1922లో అమెరికా చేరిరి. బోస్టను నగరమున పగలు చదువుచు, రాత్రి ఆసుపత్రిలో పాకీపని సైతము చేసి పొట్టపోసికొనిరి.

హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలసి రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కొన్ని రసాయనములు చేర్చినచో ద్రవము నీలవర్ణమగును. నీలము ఎంత గాఢమో భాస్వరమంత. మూత్రపిండములు చెడినవారి రక్తమున భాస్వరము పెరుగును. ఎముకలు మెత్తబడు రికెట్సు రోగమున సాధారణముగా తగ్గును. నాడిపట్టి ఊహించుటకును, కొలిచి చెప్పుటకును ఎంత భేదము! కండరముల శక్తికి మూలమైన పదార్థములను వీరిరువురు బయలుపరచినదియు ఈ కొలతవలననే.

1940లో ఆయన న్యూయార్కు సమీపమునందలి లెడర్లీ సంస్థలో చేరిరి. అచటి పరిశోధకులు ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి 1945లో ప్రకటించిరి. అది స్ప్రూ రోగులకు మందైనది; సోదరులు పోయి అప్పటికి ఇరువది సంవత్సరములు దాటెను. ఆ యామ్లమునే కొంత మార్చి, దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్ అను మందును చేసి ఇచ్చిరి. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న 16 మంది బిడ్డలకిచ్చి, 10 మందిలో గుణము కనబడినట్లు 1948లో తెలిపెను. గుణము తాత్కాలికమే, అయినను అంతకు మున్ను ఆ రోగమునకు అంతమాత్రపు ఉపశమనమును అరుదు.

ఇక బోదకాలి మాట. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఈ రోగము సోకుటచే మందు వెదకవలసివచ్చెను. లెడర్లీవారు ఇట్టి పురుగులు గల ఎలుకలపై అనేక పదార్థములను పరీక్షించి, డైఈథైల్‌కార్బమజీనును పట్టుకొని 1947లో ప్రకటించిరి. హెట్రజాను అనునది దీని వ్యాపారనామము.

ఈ రోగమును గుర్తించుటలో ఒక చిక్కు కలదు. తల్లిపురుగులు కనిన సూక్ష్మమైన పిల్లలు మన ప్రాంతమున పగలు ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగి, దోమలు కుట్టు రాత్రివేళ పైరక్తములోనికి వచ్చును. కావున ఆరోగ్యశాఖవారు రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట ఇల్లిల్లు తిరిగి, నిద్రించువారిని లేపి, వ్రేలినుండి రక్తపుచుక్క గాజుపలకపై తీసి సూక్ష్మదర్శినితో చూచెడివారు. పగటివేళ ఈ మందు కొలదిగా ఇచ్చినచో గంటలోపల ఆ పురుగుపిల్లలు రక్తమున కనబడుట విశేషము. మందే పరీక్షకును సాధనమైనది!

ఒక్కటి దాచరాదు. ఏండ్లతరబడి ఉబ్బిన కాలిని ఈ మందు మునుపటివలె చేయజాలదు. అట్టివారు ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి తుడిచి, పుండ్లు పడకుండ కాపాడుకొనవలెను. మందు బలము ఉబ్బు రాకముందే.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో న్యూయార్కున గుండెపోటుచే మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. 1922లో విడిచిన దేశమును మరల చూడలేదు. 2004 మొదలు ప్రభుత్వమువారు ఈ వ్యాధిగల జిల్లాలలో ఏటేట మాత్రలు పంచిరి. నెల్లూరు జిల్లాయు అందొకటి. మాకేమి రోగమని మాత్రను కొంగున ముడివేసికొని మ్రింగనివారు పలువురు. రక్తమున పురుగుపిల్లలు మోయువారిలో పెక్కుమందికి కాలు ఉబ్బదు, నొప్పియు ఉండదు.