ఏనుగుల వీరాస్వామి

తెలుగులో తొలి యాత్రాచరిత్రను అందించిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినా, స్వయంకృషితో ఆంగ్లం నేర్చి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగా ప్రసిద్ధి పొందారు.

1830 మే 18న ఆయన సుమారు నూరుమంది పరివారంతో కాశీయాత్రకు బయలుదేరారు. రైలు మార్గాలు లేని కాలమది. కడప సీమ, శ్రీశైలం దాటి, వనపర్తి, జడ్చర్లల మీదుగా హైదరాబాదు చేరి, ఉత్తరానికి సాగారు. కాశీ, గయ, కలకత్తా దర్శించి, పూరీ మీదుగా సముద్రతీరం వెంట తిరుగుముఖం పట్టారు.

శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, నెల్లూరు ఒక్కొక్కటిగా వెనుకబడ్డాయి. ఇల్లు చేరువవుతున్న కొద్దీ ఎవరికైనా తొందర సహజం. వీరాస్వామి కలం మాత్రం తొందరపడలేదు. మజిలీల దూరాలు, నీటివసతి, అంగళ్లు, నదులు దాటే విధానం, ప్రజల ఆచారాలు యాత్ర చివరిదాకా నమోదు చేస్తూనే వచ్చారు. అవన్నీ తరువాతి బాటసారులకు ఉపకరించే వివరాలు. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణం చేరడంతో పదిహేను నెలల ప్రయాణం ముగిసింది.

యాత్రలో తాము చూసినదంతా ఆయన తమ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపారు. ఆ రచనే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. దానిని కన్నులారా చూసుకొనే భాగ్యం ఆయనకు దక్కలేదు, 1836లోనే పరమపదించారు. ఆయన నడిచిన దారులు నేడు రూపు మారాయి. ఆనాటి దేశస్థితిని తెలుసుకోగోరేవారికి మాత్రం ఆ గ్రంథమే దారి చూపుతోంది.