సురవరము ప్రతాపరెడ్డిగారు

నిజాము రాజ్యమున తెలుగువానికి ఇంటిభాష యొకటి, కచేరీభాష మఱియొకటి. మన కోటగిరి, బోధను ప్రాంతముల రైతునకు సర్కారు కాగితము ఉర్దూలో వచ్చెడిది. తన పొలమును గూర్చిన మాటనే తాను చదువలేక అతడు పరుల గడప త్రొక్కవలసివచ్చెడిది. తన భాష కొఱగానిదని వాడే నమ్మసాగెను. దారిద్ర్యముకంటె నిది యెక్కువ కీడు.

అట్టి కాలమున, 1896 మే 28వ తేదీన, పాలమూరు సీమలో సురవరము ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. వారు సంస్కృతాంధ్రములతోపాటు న్యాయశాస్త్రమును చదివిరి. వకీలు వృత్తిలో ధనము గడింపవచ్చును. కాని వారి మనస్సు దానిపై నిలువలేదు. 1926 మే 10న గోలకొండ పత్రికను స్థాపించిరి. వ్యాసములు వ్రాయుట మొదలు అచ్చుతప్పులు దిద్దువఱకు భారము చాలవఱకు వారిదే. 1930లో జోగిపేటయందు జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. ఆ మహాసభయే 1937లో మన నిజామాబాదున ఆఱవమాఱు సమావేశమయ్యెను.

ఒకప్పుడు ఒక పండితుడు తెలంగాణమున తెలుగు కవులే లేరని వ్రాసెను. రెడ్డిగారు కోపముతో వాదమునకు దిగలేదు. ఊరూర దాగియున్న కవుల వివరములను, పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు! ఇంతకంటె ఘనమైన సమాధాన మేముండును?

వారి కీర్తికి మూలము ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఆనాటి చరిత్రగ్రంథములలో రాజుల పేర్లు, యుద్ధముల తేదీలే మెండు. ఆంగ్లేయుల గ్రంథములను చూచి మనవారును అట్లే వ్రాసిరి. రెడ్డిగారు వేఱుదారి పట్టిరి. మన పూర్వు లేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాట లాడిరి, ఏ దేవతలను కొలిచిరి అని వెదకిరి. శాసనములు తెలుపని సంగతులకై పాల్కురికి సోమనాథుని కావ్యములను, క్రీడాభిరామమును, శుకసప్తతిని గాలించిరి. పండితులు పద్యములలో అలంకారములు వెదకుచుండగా, వారు అంగడి వీధులను, పూటకూళ్ల యిండ్లను చూచిరి. జాతరలు, గ్రామదేవతల కొలుపులు కూడ చరిత్రలో చోటు పొందెను. పూర్వాచారమని దేనిని గ్రుడ్డిగా పొగడలేదు. మూఢనమ్మకములను నిర్మొగమాటముగా విమర్శించిరి. హిందువుల పండుగలు అను గ్రంథమునను పండుగల పుట్టుపూర్వోత్తరములను వారిట్లే విచారించిరి.

1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. మఱుసటి యేడు ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తెలుగునకు తన తొలి బహుమానము నిచ్చినపుడు, అది ఆంధ్రుల సాంఘిక చరిత్రకే లభించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేరు.