జాన్ పోస్టెల్

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ (ఆగష్టు 6, 1943 - అక్టోబరు 16, 1998) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త. జాన్ పోస్టెల్‌గా ప్రసిద్ధుడు. ఇంటర్నెట్టులో వాడే సంఖ్యలు, చిరునామాలు, డొమైన్ పేర్లు ఎవరికి కేటాయించబడ్డాయో, వాటికి బాధ్యులెవరో తెలిపే పట్టికలను సుమారు ఇరవయ్యారేళ్ళ పాటు నిర్వహించాడు. ఇంటర్నెట్టు ప్రమాణాలను ప్రకటించే ఆర్.ఎఫ్.సి. పత్రాలకు 1969 నుండి మరణించేవరకు సంపాదకుడిగా ఉన్నాడు. ఇతడు నిర్వహించిన పని తరువాత ఐయానా అనే పేరుతో స్థిరపడింది.

బాల్యము, విద్యాభ్యాసము

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజలెస్ నగరంలోని వాన్ నైస్ ఉన్నత పాఠశాలలో చదివాడు. ఇంటర్నెట్టు నిర్మాతలలో ముఖ్యులైన వింటన్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ పాఠశాల విద్యార్థులే. లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి 1966లో ఇంజనీరింగు పట్టా, 1968లో మాస్టర్స్ పట్టా, 1974లో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొందాడు.

1969లో ఆర్పానెట్ మొదటి కేంద్రం ఈ విశ్వవిద్యాలయంలోనే ఏర్పడింది. లియొనార్డ్ క్లైన్‌రాక్ ఆధ్వర్యంలో నడిచిన నెట్‌వర్కు కొలతల కేంద్రంలో పోస్టెల్ అప్పుడు విద్యార్థిగా పనిచేస్తున్నాడు. తరువాత కొంతకాలం మైటర్ సంస్థలోను, డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందంతో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోను పనిచేశాడు. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార శాస్త్రాల సంస్థలో చేరి, జీవితాంతం అక్కడే ఉన్నాడు.

సంఖ్యల పట్టిక

రెండు కంప్యూటర్లు ఒకదానితో మరొకటి మాట్లాడుకోవాలంటే, ఏ సేవకు ఏ సంఖ్య వాడాలో రెండింటికీ ముందే తెలిసి ఉండాలి. ఒకే సంఖ్యను ఇద్దరు రెండు వేర్వేరు పనులకు వాడితే సందేశం చేరవలసిన చోటికి చేరదు. ఆర్పానెట్ తొలినాళ్ళలో ఎవరికి తోచిన సంఖ్యను వారు వాడుకునేవారు. ఈ చిక్కును గుర్తించిన పోస్టెల్ 1971లో వాడుకలో ఉన్న సాకెట్ సంఖ్యలను సేకరించి ఒక పత్రంగా వెలువరించాడు. 1972 మే నెలలో వెలువరించిన మరొక పత్రంలో, సంఖ్యలను పంచే పనిని ఒకరికి అప్పగించాలని ప్రతిపాదించి, ఆ పనిని తానే చేస్తానని ముందుకు వచ్చాడు. అందరూ అందుకు సమ్మతించారు.

ఆ పట్టిక పలుమార్లు సవరించబడి, కేటాయించిన సంఖ్యలు అనే పేరుతో వెలువడుతూ వచ్చింది. 1980ల నుండి జాయిస్ రెనాల్డ్స్ ఈ పనిలో ఇతనికి ముఖ్య సహాయకురాలిగా ఉన్నది. ఈమెయిలుకు 25, టెల్నెట్‌కు 23, వెబ్‌కు 80 అనే పోర్టు సంఖ్యలు ఈ పట్టికలోనివే. పట్టికలో చాలా సంఖ్యల పక్కన ఒక వ్యక్తి పేరుకు సంబంధించిన పొడి అక్షరాలు ఉండేవి. చివరలో ఆ వ్యక్తుల పూర్తి పేర్లు, ఈమెయిలు చిరునామాలు ఇవ్వబడేవి. పోస్టెల్ పొడి అక్షరాలైన జె.బి.పి. అనేవి వాటిలో తరచుగా కనిపిస్తాయి. పట్టిక చూసినవారికి సంఖ్యతో పాటు దాని గురించి ఎవరిని అడగాలో కూడా తెలిసేది. 1994 అక్టోబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 1700 ఈ వరుసలో చివరిది. ఆ తరువాత పట్టిక ఆన్‌లైన్ డేటాబేసుగా మారింది.

ప్రమాణ పత్రాలు

ఆర్.ఎఫ్.సి. పత్రాల సంపాదకుడిగా పోస్టెల్ వేలకొద్దీ పత్రాలను పరిశీలించి ప్రకటించాడు. ఇంటర్నెట్టుకు మూలాధారమైన ఐ.పి., టి.సి.పి. ప్రమాణాల 1981 నాటి పత్రాలకు ఇతడే సంపాదకుడు. యు.డి.పి. (1980), ఈమెయిలు పంపే ఎస్.ఎమ్.టి.పి. (1982) ప్రమాణాలను రచించాడు. ఆర్పానెట్ పాత ప్రోటోకాల్ నుండి 1983 జనవరి 1 న టి.సి.పి./ఐ.పి.కి మారడానికి కావలసిన ప్రణాళికను 1981లోనే సిద్ధం చేశాడు. పంపే సమాచారం విషయంలో నియమాలను కచ్చితంగా పాటించాలని, అందుకునే సమాచారం విషయంలో ఉదారంగా ఉండాలని ఇతడు చెప్పిన సూత్రం పోస్టెల్ నియమంగా పేరుపొందింది. అనవసరపు సందేశాలను స్వీకరించకుండా నిరాకరించే ఏర్పాటు లేకపోవడం ఒక సమస్య అని 1975లోనే ఒక పత్రంలో తెలియజేశాడు.

డొమైన్ పేర్లు, బాధ్యుల నమోదు

మొదట్లో కంప్యూటర్ల పేర్ల జాబితాను స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం నిర్వహించేది. నెట్‌వర్కులోని వ్యక్తుల పేర్లు, టపా చిరునామాలు, ఫోను నంబర్లు తెలిపే హూయీజ్ సేవ కూడా అక్కడిదే. దాని ప్రమాణం 1982లో వెలువడింది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒకే జాబితాను నిర్వహించడం కష్టమైంది. అప్పుడు పోస్టెల్ ప్రోత్సాహంతో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించాడు.

ఈ వ్యవస్థలో ఒక్కొక్క పేరు కింది అధికారం ఒక్కొక్క సంస్థకు అప్పగించబడుతుంది. అందుచేత బాధ్యులెవరన్న ప్రశ్న మరింత ముఖ్యమైంది. 1984లో పోస్టెల్, రెనాల్డ్స్ కలిసి వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 920, ప్రతి డొమైనుకు ఒక బాధ్యుడు తప్పనిసరిగా ఉండాలని నిర్దేశించింది. 1994 మార్చిలో పోస్టెల్ వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 1591 ప్రకారం, పాలన వ్యవహారాలకు ఒకరిని, సాంకేతిక వ్యవహారాలకు ఒకరిని సంప్రదించవలసినవారిగా నమోదు చేయాలి. దేశ డొమైను అయితే పాలన బాధ్యుడు ఆ దేశంలోనే నివసించాలి. డొమైను నిర్వాహకుడు యజమాని కాడు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని ఆ పత్రం భావం. ఏది దేశం, ఏది కాదు అన్న వివాదంలో తలదూర్చకుండా, ఐ.ఎస్.ఓ. 3166 జాబితాలోని రెండక్షరాల సంకేతాలనే దేశ డొమైన్లకు ఆధారం చేసుకున్నాడు. భారతదేశానికి .ఇన్ డొమైను 1989లో లభించింది. తెలుగు లిపిలోని .భారత్ డొమైను 2011లో మూల పట్టికలో చేరింది.

వ్యక్తి పేరు నుండి పదవి పేరుకు

వ్యక్తి పేరుతో నమోదు చేయడంలో ఒక లోపం ఉంది. ఆ వ్యక్తి ఉద్యోగం మారినా, మరణించినా నమోదు నిరుపయోగమవుతుంది. నెట్‌వర్కులో దాడి జరిగినపుడు లేదా మార్గం తప్పినపుడు పంపిన సందేశం ఎవరికీ చేరదు. దీనికి విరుగుడుగా వ్యక్తికి బదులు పదవికి చిరునామా ఇచ్చే పద్ధతి వచ్చింది. ప్రతి మెయిలు కేంద్రంలోను పోస్ట్‌మాస్టర్ అనే పేరు పనిచేయాలని 1982 నాటి ఆర్.ఎఫ్.సి. 822 ఆదేశించింది. 1997 మే నెలలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 2142 ఈ పద్ధతిని నెట్‌వర్కు నిర్వహణ కేంద్రానికి, డొమైను నిర్వాహకునికి, దుర్వినియోగంపై ఫిర్యాదులకు విస్తరింపజేసింది. పోస్టెల్ బృందం కూడా ఐయానా అనే పదవి పేరుతోనే ఈమెయిలు అందుకునేది.

ప్రాంతీయ రిజిస్ట్రీల డేటాబేసులలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. యూరపులోని రైప్ ఎన్.సి.సి. (1992), ఆసియా-పసిఫిక్ ప్రాంతంలోని ఏప్నిక్ (1993) డేటాబేసులలో వ్యక్తి నమోదు వేరు, పదవి నమోదు వేరు. ఒక సంస్థ తన నిర్వహణ బృందానికి ఉమ్మడి ఈమెయిలు, ఫోను, టపా చిరునామాలతో ఒకే పదవి నమోదు చేసుకొని, దానికి లభించిన గుర్తింపు సంకేతాన్ని తన చిరునామా సంఖ్యలన్నిటికీ జతచేస్తుంది. ఉద్యోగి మారినపుడు ఆ ఒక్క నమోదును సరిదిద్దితే చాలు, వందల నమోదులను ముట్టనవసరం లేదు. వ్యక్తిగత వివరాలు కూడా బహిరంగం కావు. అయితే ఆ ఉమ్మడి పెట్టెను రోజూ చూసేవారు సంస్థలో లేకపోతే ఈ ఏర్పాటు వల్ల ప్రయోజనం ఉండదు.

1998 జనవరి సంఘటన

1990లలో ఇంటర్నెట్టు వాణిజ్యరంగంలోకి ప్రవేశించింది. డొమైన్ల నమోదును అమెరికా ప్రభుత్వ ఒప్పందంపై నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ నిర్వహించేది. 1995 సెప్టెంబరు నుండి నమోదుకు రుసుము వసూలు చేయడం మొదలైంది. మూల పట్టికపై అంతిమ అధికారం ఎవరిదన్న వివాదం అప్పుడు తీవ్రమైంది.

1998 జనవరి 28 న పోస్టెల్, పన్నెండు మంది మూల సర్వర్ల నిర్వాహకులలో ఎనిమిది మందికి ఈమెయిలు పంపి, పట్టికను నెట్‌వర్క్ సొల్యూషన్స్ సర్వరు నుండి కాక ఐయానా కంప్యూటరు నుండి తీసుకోవలసిందిగా కోరాడు. వారు అలాగే చేశారు. రెండు చోట్ల ఉన్న పట్టిక ఒక్కటే కావడంతో సామాన్య వినియోగదారులకు ఏ తేడా తెలియలేదు. కాని ఒక వ్యక్తి మాట మీద మూల వ్యవస్థ మారిపోగలదన్న విషయం రుజువైంది. అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఐరా మగజీనర్ అభ్యంతరం తెలుపగా, పోస్టెల్ ఇది పరీక్ష మాత్రమేనని వివరించి మార్పును ఉపసంహరించాడు. ఇది నిజంగా పరీక్షేనా, అధికార ప్రదర్శనా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

మరణము

పోస్టెల్ తన పనిని ఒక శాశ్వత సంస్థకు అప్పగించడానికి పూనుకున్నాడు. చర్చల ఫలితంగా 1998 సెప్టెంబరు 30 న కాలిఫోర్నియాలో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ నమోదైంది. పదహారు రోజుల తరువాత, అక్టోబరు 16 న, గుండె కవాటానికి జరిగిన శస్త్రచికిత్స అనంతరం లాస్ ఏంజలెస్‌లో పోస్టెల్ మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 55 సంవత్సరాలు. సహచరుడు వింటన్ సెర్ఫ్ వ్రాసిన సంస్మరణ, ఆర్.ఎఫ్.సి. 2468గా వెలువడింది.

ఇతని మరణంతో ఇంటర్నెట్టు పని ఆగిపోలేదు. ఐయానా అనే పేరు, చిరునామా, పట్టికలు యథాతథంగా ఐకాన్‌కు సంక్రమించాయి. 2016 అక్టోబరు 1 న ఐయానా విధులపై అమెరికా ప్రభుత్వ ఒప్పందం కూడా ముగిసింది.

వ్యక్తిత్వము, గౌరవాలు

పొడవైన గడ్డం, పాదాలకు చెప్పులు, నిరాడంబర వేషం పోస్టెల్ గుర్తులు. సియెరా నెవాడా పర్వతాలలో కాలినడకన విహరించడం ఇతనికి ఎంతో ఇష్టం. ఇంటర్నెట్ సొసైటీలో మొట్టమొదటి వ్యక్తిగత సభ్యుడు ఇతడే. ఆ సంస్థ ఇతని పేరిట నెలకొల్పిన వార్షిక పురస్కారం 1999లో మొదటిసారిగా మరణానంతరం ఇతనికే ఇవ్వబడింది. 2012లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతని పేరు చేర్చబడింది.