సంగీతసభలో పంచిన మందు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, బ్రతుకుతెరువు వెదకుకొనుచు కలకత్తాకును, పిమ్మట బొంబాయికిని పోయిరి. అచ్చట కొంతకాలము ఉద్యోగము చేసి, 1893లో అమృతాంజనమను తలనొప్పి మందును తయారుచేసి అమ్మసాగిరి.

పేరెరుగని మందును కొనువారెవరు? పంతులుగారు సంగీతసభలకు వచ్చిన శ్రోతలకు దానిని ఉచితముగా పంచిపెట్టిరి. పొద్దుపోవు వరకు పాట విన్నవానికి తలనొప్పి వచ్చుట సహజము. పాట బాగుగా లేనిచో మరింత సహజము. ఇందు దాపరికము లేదు. ఇచ్చినవారెవరో, ఎందుల కిచ్చిరో పుచ్చుకొన్నవానికి తెలియును. గుణము కనబడినచో కొనును, లేనిచో మానును.

ఆ వ్యాపారపు లాభమే తెలుగువారికి పత్రిక యైనది. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో మదరాసునకు తరలి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి మాసపత్రిక వచ్చెను. పిదప ఆంధ్రగ్రంథమాల పేర ప్రాచీన కావ్యములను అచ్చువేయించిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము 1926లో ఆ మాలలోనే వెలుగు చూచెను. ఎక్కడనో ఎవరో నుదుట పూసికొన్న మందు, మారుమూల పల్లెలోని ఉపాధ్యాయుని చేతికి గ్రంథమై అందినదన్నమాట.

పత్రిక మందును చాటెను, మందు పత్రికను పోషించెను. ఇది కేవల నిష్కామదాన మనుట సరికాదు. అయినను ఆ ప్రకటన చదువరులందరికిని ఒక్కటే. ఎవ రే పుటకడ ఎంతసేపు నిలిచిరో పత్రికకు తెలియదు.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీ పరిసరములకు తరువాతి కాలమున గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలు వచ్చినవి. సేవకు వెల లేదు, రాబడి ప్రకటనలది. పైకి బేరము పంతులుగారిదే, తూకము వేరు. మనిషి ఏమి వెదకెనో, ఎచ్చట నుండెనో గుర్తించి అతనికి తగిన ప్రకటనను చూపుచున్నారు. తలనొప్పియని వెదకినవానికి మందు కనబడుట ఉపకారమే కావచ్చును. కాని ఆ తలనొప్పి సంగతి ఎందరి చేతులు మారునో అతడెరుగడు. తా నిచ్చిన దెంతయో ఎరుగనివాని బేరమును సమమైన బేరమనుట కష్టము. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చేసిన చట్టము సమ్మతి నడుగవలెనని చెప్పుచున్నది. చదువకయే సమ్మతించు అలవాటును ఏ చట్టము మాన్పగలదు?

పంతులుగారు ఉప్పు సత్యాగ్రహకాలమున కారాగారమునకు పోయిరి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల ఒడంబడిక మదరాసులోని ఆయన గృహము శ్రీబాగ్‌లోనే కుదిరెను. 1938 ఏప్రిల్ 11న ఆయన పరమపదించిరి. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది.