ముప్పది ఏండ్లు ఆలస్యమైన పట్టా

ఈ శతాబ్ది సంవత్సరములో మన పెద్దలు కట్టిన ఆలయములను, బడులను కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఈ సమయమున ఒక పాదిరిగారి కుమార్తె చదువు కొరకు పడిన ప్రయాసను సంఘస్థుల యెదుట ఉంచుట మేలని తలంచితిమి. ఆమెయే కార్నీలియా సొరాబ్జీ.

ఆమె 1866 నవంబరు 15న నాసిక్‌లో జన్మించెను. తండ్రి పార్సీ కుటుంబమునుండి క్రీస్తును అంగీకరించి సేవచేసినవారు. తల్లి ఫ్రాన్సినా పూనాలో బడులు నడిపిరి. అక్కలు బొంబాయి విశ్వవిద్యాలయములో ప్రవేశము కోరగా, ఆడపిల్లలని నిరాకరించిరి. తండ్రి పట్టు విడువలేదు. కడకు కార్నీలియా దక్కను కళాశాలలో మొదటి విద్యార్థినిగా చేరెను. తోటి విద్యార్థులు కొందరు ఆమె ముఖముమీదనే తలుపులు వేసిరి. అయినను ఆమె పట్టభద్ర పరీక్షలో మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలాయెను.

ఆ ఫలితమునకు ఇంగ్లండులో చదువుటకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు రావలసియుండెను. స్త్రీ అనెడి కారణముచేత అది ఇయ్యలేదు. ఆమె కొంతకాలము అహమ్మదాబాదు కళాశాలలో పురుషులకు పాఠములు చెప్పెను. ఇంతలో మేరీ హాబ్‌హౌస్ అను దొరసాని పత్రికకు వ్రాసి విరాళములు పోగుచేయగా, ఫ్లారెన్స్ నైటింగేల్ మొదలైనవారు సహాయపడిరి. 1889లో కార్నీలియా ఆక్స్‌ఫర్డులోని సోమర్విల్‌లో చేరెను.

అక్కడ న్యాయశాస్త్రము చదివిన మొదటి స్త్రీ ఆమెయే. అధ్యాపకుడు జోవెట్ ఆమెకు అండగా నిలిచెను. ఆల్ సోల్స్ కళాశాల గ్రంథాలయములో చదువుకొనుటకు అంతకుముందు ఏ స్త్రీకిని లేని అనుమతి ఆమెకు లభించెను. 1892లో విశ్వవిద్యాలయము ప్రత్యేక తీర్మానము చేసిన మీదటనే పరీక్ష వ్రాయగలిగెను. వచ్చినది మూడవ తరగతి. పట్టా మాత్రము ఇయ్యలేదు. స్త్రీలకు పట్టాలిచ్చు నియమము అప్పటికి లేదు.

స్వదేశమునకు వచ్చి మరి రెండు పరీక్షలలో గెలిచినను న్యాయవాదిగా అంగీకరింపబడలేదు. 1904 నుండి బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సులో ఉద్యోగము చేయుచు, పరపురుషుల యెదుటికి రాలేని ఘోషా స్త్రీల ఆస్తి తగవులు విచారించెను. సుమారు 600 మంది స్త్రీలు, అనాథలు ఆమెవలన మేలు పొందిరి. 1920లో ఆక్స్‌ఫర్డు నియమము మార్చగా, 1922లో పట్టా చేతికందెను. అప్పటికి ఆమె వయస్సు 55 ఏండ్లు. 1924లో కలకత్తాలో బారిస్టరుగా పని ప్రారంభించెను. గాంధీజీ ఉద్యమమును ఆమె వ్యతిరేకించెను. ఆ విషయమున మేము ఆమెతో ఏకీభవింపము. 1954లో లండనులో మరణించెను.

ఆమె తెలివి ఆమెదే. కాని పట్టు విడువని తండ్రి, చందా వేసిన స్నేహితులు, గ్రంథాలయపు తలుపు తెరచిన పెద్దలు లేనియెడల ఆ తెలివి పూనాలోనే నిలిచిపోయెడిది. ఇప్పుడు విశ్వవిద్యాలయములు మన ఆడపిల్లలకు తెరచియున్నవి. అయినను ఎం.ఏ. ముగించిన పిల్ల పరిశోధన చేసెదనన్నప్పుడు, ముందు సంబంధము చూడుడని తల్లిదండ్రులకు సలహా చెప్పిన కాపరులలో మేమును ఒకరము. ఈ జీవితము చదివి సిగ్గుపడితిమి.

ఈ శతాబ్ది కానుకలలో కొంత భాగము అట్టి పిల్ల ఫీజుకు, హాస్టలు ఖర్చుకు ప్రత్యేకించుదుము గాక. మరియొక కుమార్తె తన పట్టా కొరకు ముప్పది ఏండ్లు కనిపెట్టవలసిన అవసరము మనవలన రాకూడదు.