గిరిజన వీరుడు కొమరం భీము

గోదావరీనది పాపికొండలను జొచ్చుటకు ముందు భద్రాచలము కడ దట్టమైన అడవుల నడుమ ప్రవహించును. ఆ నదికి ఇరుదరులను కోయలు, కొండరెడ్లు తరతరములుగా నివసించుచున్నారు. 1860వ సంవత్సరమున నైజాము ప్రభువు ఎడమదరి భూములను ఆంగ్లేయుల కప్పగించెను. నాటినుండి భద్రాచలము ఆంగ్లేయుల యేలుబడిలోను, కుడిదరినున్న బూర్గంపహాడు, పాల్వంచ అడవులు నైజాము ఏలుబడిలోను ఉండెను. ఒకే వేల్పులను కొలుచు జనము ఇట్లు రెండు రాజ్యములకు ప్రజలైరి. మీకిది సమ్మతమా యని వారిని అడిగినవారు లేరు.

ఒక జనసమూహము తన బ్రదుకును, తన నేలను గూర్చి తానే నిశ్చయించుకొను హక్కును స్వయంనిర్ణయ హక్కు అందురు. నైజాము రాజ్యపు అడవులలో ఈ హక్కుకొరకు ప్రాణము లొడ్డిన వీరుడు కొమరం భీము.

భీము గోండు జాతివాడు. గోండులకును కోయలకును బంధుత్వము కలదు. ఉభయులును తమ్ము కోయ్‌తూరులని చెప్పుకొందురు. ఆసిఫాబాదు సమీపమునగల సంకేపల్లిలో 1901వ సంవత్సర ప్రాంతమున అతడు జన్మించెను. చిన్ననాటనే అతని తండ్రి అడవి అధికారులతోడి తగవులో మరణించెనని చెప్పుదురు.

ఆ కాలమున ప్రభుత్వము అడవులకు హద్దులు పెట్టి, వాటిని రక్షితారణ్యములుగా ప్రకటించుచుండెను. హద్దులలోపల పడిన గూడెములను ఖాళీ చేయించుచుండిరి. పోడు వ్యవసాయము నేరమయ్యెను. పశువుల మేతకు పన్ను కట్టవలసివచ్చెను. మైదానములనుండి వచ్చినవారు కచేరీల పద్ధతు లెరిగినవారగుటచే, గోండులు చదును చేసిన పొలములకు తమ పేర పట్టాలు పొందిరి. నాగలి పట్టినవానిదే నేల యని నమ్మిన గోండుకు కాగితపు బలము తెలియదు. తెలియునప్పటికి పొలము చేజారుచుండెను.

భీము కుటుంబమునకును ఇట్టి కష్టమే వచ్చెను. పంటనేలను గూర్చిన కలహములో అతడు సిద్ధిఖీ అనువానిని కొట్టగా, ఆ దెబ్బకు వాడు చనిపోయెనందురు. ఆ కోపఫలముగా భీము ఊరు విడిచి పారిపోవలసివచ్చెను. చాందా మీదుగా అస్సాము తేయాకుతోటలకు పోయి, కూలిపని చేసి, చదువను వ్రాయను నేర్చి, కొన్నియేండ్లకు మరలివచ్చెనని జనులు చెప్పుకొందురు.

తిరిగివచ్చిన పిదప అతడు తనవారితో బాబేఝరి ప్రాంతమున అడవి నరికి సేద్యము చేయసాగెను. అధికారులు వచ్చి గుడిసెలను కాల్పించి, వారిని వెడలగొట్టిరి. భీము మొదట ఆయుధము పట్టలేదు, అర్జీలు పెట్టుకొనెను. న్యాయము కోరి హైదరాబాదునకును పోయెను గాని, అతని మొర ఆలకించినవారు లేరు. అప్పుడతడు జోడేఘాటు మొదలగు 12 గూడెముల వారిని ఒక్కటి చేసెను.

పట్టాలిచ్చెదమని అధికారులు కబురంపినను భీము దానితో తృప్తిపడలేదని చెప్పుదురు. పట్టా ఒక్కొక్క రైతునకు చెందునది. దానిని నేడిచ్చినవారు రేపు తీసికొనవచ్చును. నీటిమీద, అడవిమీద, నేలమీద గూడెమునకే అధికార ముండవలెనని అతని కోరిక. అతడు సింహాసన మడుగలేదు. ఆ పండ్రెండు గూడెముల పాలన అచటివారి చేతులలో నుండవలెనని మాత్రమే కోరెను.

ప్రభుత్వము దానిని తిరుగుబాటుగా నెంచి సాయుధ దళమును పంపెను. 1940వ సంవత్సరమున జోడేఘాటు కొండమీద భీమును, అతని అనుచరులు పలువురును తుపాకిగుండ్లకు బలియైరి. ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు గోండులు అచట చేరి అతనిని స్మరింతురు.

భీము మరణించెను గాని అతని ప్రశ్న మరణింపలేదు. గోండులు ఏల తిరుగబడిరో తెలిసికొన నెంచి, ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని నియోగించెను. భూములు పోవుటయే మూలకారణమని అతడు విన్నవించెను. పాల్వంచ సీమలోని కొండరెడ్లను గూర్చియు ఆయన పరిశోధించి, 1945లో గ్రంథము ప్రకటించెను. గిరిజనుల భూములు అన్యుల పాలు కాకుండ ఆంగ్లేయుల యేలుబడిలోని భద్రాచలము ఏజెన్సీలో 1917 నుండియే చట్టముండెను. నదికి ఈవలి దరి నైజాము సీమలో అట్టి రక్షణ లేకుండెను. భీము మరణానంతరమే నైజాము ప్రభుత్వము గిరిజన ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలు చేసి, గోండు కుటుంబములు అనేకమునకు పట్టా లిచ్చెను.

లోకమును మెల్లగా ఈ హక్కును గుర్తించెను. 1945నాటి ఐక్యరాజ్యసమితి శాసనపత్రము ప్రజల స్వయంనిర్ణయమును పేర్కొనెను. 1960లో ఆ సమితి, పరాయి పాలనలోనున్న ప్రజలందరికి స్వాతంత్ర్యము హక్కని ప్రకటించెను. అయితే ఏ దేశపు ఐక్యతను భంగపరచుటకును ఈ హక్కును సాధనము చేయరాదని ఆ ప్రకటనయే పలికెను. ఇక ఒక దేశములోనే యుండు ఆదిమజాతుల మాట యేమి? 2007లో వెలువడిన మరియొక ప్రకటన వారికి స్థానిక వ్యవహారములలో స్వపరిపాలన కలదని చెప్పెను. భారతదేశము దానికి అనుకూలముగా ఓటు వేసెను. మన రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు, 1996నాటి పంచాయతుల విస్తరణ చట్టము, 2006నాటి అటవీహక్కుల చట్టము ఈ త్రోవలోనివే. భీము పండ్రెండు గూడెములకు కోరినదానికి ఇవి చాల సన్నిహితములు.

భద్రాచలము చుట్టును పాలనపు గీతలు ఆ పిదపను మారినవి. 1959లో భద్రాచలము ఖమ్మముజిల్లాలో చేరెను. 2014లో ఆ సీమలోని కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. గీతలు గీయువారు కచేరీలలో నుందురు. వాటి ఫలము ననుభవించువారు గూడెములలో నుందురు. గీత గీయుటకు ముందు గూడెమువారి మాట వినవలెనని భీము జీవితము మనకు బోధించుచున్నది. చట్టము వ్రాయబడినంతమాత్రమున చాలదు. గ్రామసభలో కూర్చుండి, దానిని చదివి, తమ హక్కును అడుగగల పౌరులు కావలెను. అట్టివారు నేడు బడులలో చదువుకొనుచున్న బాలబాలికలే.